ఆఖరి ముడి ఎన్ని గంటలకు?

నా నోటి దురుసు మా క్వార్టర్లలో అందరికీ తెలుసు. సూరత్‌లోని కోసాడ్‌లో మా మూడో అంతస్తు కిటికీలోంచి నేను బేరం మొదలుపెడితే చాలు, కింద కూరగాయల బండివాడు నోరెత్తకుండా ధర తగ్గిస్తాడని మా ఆయన ఎకసెక్కమాడేవాడు. కాబట్టి ఆ పొద్దున ఆరున్నరకు ఆయన చేతిలోంచి చాయ్ గ్లాసు జారి ముక్కలయితే నేను ఊరుకోలేదని వేరే చెప్పాల్సిన పని లేదు.

"చేతులల్ల జీవం లేదా ఏంది నీకు? పోయిన నెలనే తెచ్చిన గ్లాసులవి!"

ఆయన ఎడమచేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, వేళ్లు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. "ఏం లేదే, తిమ్మిరెక్కింది. రాత్రి చెయ్యి మీదనే పండుకున్న," అన్నాడు. నేను చీపురు తెచ్చేలోపే వంగి గాజుముక్కలన్నీ ఏరాడు. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు, మాస్కు తగిలించుకున్నాడు, మెట్లు దిగి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తే సైకిల్ తొక్కుతూ గేటు దాటిపోతున్నాడు. నా కోపం అప్పటికీ చల్లారలేదు. నేల తుడుస్తూ ఇంకో నాలుగు మాటలు గోడలకు వినిపించాను.

కరోనా రెండోసారి వచ్చి పడిన ఎండాకాలం అది. మొదటిసారి వచ్చినప్పుడు సాంచాలన్నీ మూతపడితే ఊరికి పోయి, అక్కడ పని లేక మళ్లీ సూరత్‌కే తిరిగొచ్చినవాళ్లం మేము. సాంచా అంటే మరమగ్గం. ఈసారి షెడ్లయితే నడుస్తున్నాయి కానీ ఎవరు దగ్గినా పక్కవాడు రెండడుగులు వెనక్కి జరుగుతున్నాడు. తనిఖీకి వస్తారని షెడ్డు యజమాని సేఠ్ లోపల కూడా ఎవరినీ మాస్కు తియ్యనిచ్చేవాడు కాదు. ఒంట్లో బాగాలేదని నోరు జారినవాణ్ని పద్నాలుగు రోజులు గేటు తొక్కనిచ్చేవాడు కాదు. అందుకని ఆ రోజుల్లో సూరత్‌లో ఎవరికీ ఒంట్లో బాగుండకపోవడం అనేదే లేదు.

మా ఆయన ఎనిమిది సాంచాలు నడిపేవాడు. నేను రెండు గల్లీల అవతల, నేసిన బట్టలో తప్పులు చూసే పని చేసేదాన్ని. బల్ల మీద బట్టను పరిచి లాగుతూ, ఎక్కడ పోగు పోయిందో, ఎక్కడ మరక పడిందో సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. సాంచా మీద పడుగు పోగు ఒకటి తెగితే మగ్గం ఆగదు. ఆ పోగు లేకుండానే నేసుకుంటూ పోతుంది, బట్టలో సన్నటి గీత పడుతుంది. నేతగాడు చూసి, తెగిన పోగును ముడివేసేదాకా ఆ గీత సాగుతూనే ఉంటుంది. సాంచా గంటకు ఇంచుమించు నాలుగు మీటర్లు నేస్తుంది. కాబట్టి గీత పొడుగు చూస్తే మనిషి ఎంతసేపు అటు చూడలేదో చెప్పెయ్యచ్చు.

మా ఆయన నేసిన బట్ట కూడా నా బల్ల మీదికే వచ్చేది. "మొన్న బీడీకి పావుగంట కూసున్నవా?" అని అడిగితే తెల్లబోయేవాడు. "మీటరు గీత పెట్టినవ్ గద" అనేదాన్ని. "నువ్వు పెండ్లానివా, సీసీ కెమెరావా?" అని నెత్తి కొట్టుకునేవాడు.

షెడ్డులో ఇంకో పద్ధతి ఉంది, అది కూడా ఇక్కడే చెప్పాలి. పక్కవాడు నీళ్లకు పోయినా, కాస్త నడుం వాల్చినా, అతని సాంచాలలో నూలు కండెలు అయిపోతే ఇవతలివాళ్లు మారుస్తారు. తెగిన పోగును మాత్రం ముట్టరు. ముడి ఎవరిది వాళ్లే వేసుకోవాలి. అతుకు తప్పితే మాట పడేది ఆ సాంచా మనిషి కాబట్టి. కండెకు సాయముంది గానీ ముడికి లేదు అని మావాళ్లు నవ్వుకుంటూ అంటారు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక నా ఫోన్ మోగింది. మా ఆయన పక్క సాంచాలు నడిపే మనిషి, మా ఊరివాడే, నాకు మరిది వరస.

"వదినె, జర జల్ది రా. అన్నకు నోరు తిరుగుతలేదు."

నేను వెళ్లేసరికి మా ఆయనను బట్ట మూటల మీద పడుకోబెట్టి చుట్టూ నిలబడ్డారు. నోరు కుడివైపుకు గుంజుకుపోయింది. ఎడమ పెదవి మీంచి చాయ్ కారి చొక్కా తడిసింది. తాగితే తేరుకుంటాడని వీళ్లే పోశారట. ఆయన పొలమారి దగ్గితే, కరోనా కాబోలని ఇద్దరు దూరం జరిగారట.

మరిది చెప్పినదాన్నిబట్టి జరిగింది ఇది. పదకొండు గంటల ప్రాంతంలో మా ఆయన మూట మీద కూర్చుని తల వాల్చాడు. నిద్రపోయాడేమోలే అనుకుని, మరిది ఆ ఎనిమిది సాంచాలకూ తనే కండెలు మార్చుకుంటూ వచ్చాడు. సాంచాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. మామూలు రోజుల్లో పెదవుల కదలిక చూసి మాట్లాడుకుంటారు. మాస్కులు వచ్చాక అదీ పోయింది, అంతా చేతిసైగలే. పన్నెండింటికి తిండి కోసం మోటార్లు ఆపి, షెడ్డు నిశ్శబ్దమయ్యాక, "అన్నా, తిందాం రా" అని పిలిస్తే బుగ్గన బియ్యం పెట్టుకున్నట్టు ఏదో అన్నాడు. మాస్కు లాగి చూస్తే మూతి వంకర. మాట తడబడినా మోత వినిపించనివ్వలేదు, మూతి వంకరపోయినా మాస్కు కనిపించనివ్వలేదు. ఇంతమంది మధ్య కూర్చుని కూడా మా ఆయన ఒంటరివాడయ్యాడు.

ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచాడు. "ఇది పక్షవాతం బిడ్డా. దవాఖానకు తీస్కపోతే కరోనా అని లోపల ఏస్తరు, మళ్ల మొకం గూడ చూడనియ్యరు. కామ్‌రేజ్ కాడ ఊరి బస్సెక్కియ్యి. రేపు పొద్దుగాల ఊర్ల పసరు పోపిద్దువు."

నిజం చెప్పాలి, ఒక్క నిమిషం ఆ మాట నాకు మంచిగానే వినిపించింది. ఊరు, మనవాళ్లు, తెలిసిన భాష. అయితే మా పెద్దనాన్నకు కూడా ఆ పసరే పోశారు. తర్వాత ఆరేళ్లు మంచంలోనే ఉన్నాడు, పెద్దమ్మ ఎత్తి కూర్చోబెడితే కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"రేపటిదాక ఎవరాగుతరు! ఆటో పిలువుండ్రి!" అని అరిచాను. ఆ అరుపుకు ఆటో కంటే ముందు సేఠ్ వచ్చాడు.

తాపీ నది వంతెన మీద ఆటో పోతుంటే ఆయన తల నా భుజం మీద బరువుగా ఊగింది. కుడిచేత్తో నా చీరకొంగు పట్టుకున్నాడు. ఎడమచెయ్యి ఒళ్లో పడి ఉంది, గతుకు వచ్చినప్పుడల్లా పక్కకు జారిపోతోంది. నేను తీసి మళ్లీ ఒళ్లో పెడుతూ వచ్చాను. వంతెన దిగేలోపు ఎన్నిసార్లు పెట్టానో.

దవాఖాన గేటు దగ్గర నుదుటికి జ్వరం మిషను, వేలికి ఆక్సిజన్ క్లిప్పు. మనిషి వెంట ఒక్కరే ఉండాలన్నారు, ఆటోలో మా వెంట వచ్చిన మరిది షెడ్డుకు తిరిగిపోయాడు. లోపల ప్లాస్టిక్ సూటులో ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. నన్ను హిందీలో అడుగుతూనే పని కానిస్తున్నాడు. మా ఆయనను నవ్వమన్నాడు. రెండు చేతులూ ఎత్తి పట్టుకోమన్నాడు. కుడిచెయ్యి నిలిచింది, ఎడమది పైకి లేవలేదు. ఒక మాట పలకమన్నాడు. వేలు గుచ్చి షుగరు చూశాడు, బీపీ చూశాడు, స్ట్రెచర్ తోయించుకుని తల స్కానింగ్‌కు తీసుకుపోయాడు. చాయ్ పోశామని చెబితే మాత్రం గట్టిగా కసిరాడు. మింగడం చూసేదాకా చుక్క నీళ్లు కూడా పొయ్యకూడదట, ఊపిరితిత్తుల్లోకి పోతుందట.

ఒకటిన్నరకు బయటికి వచ్చాడు. "తలలో రక్తం కారలేదు, అది మంచి విషయం. రక్తం గడ్డ కట్టి నాళం మూసుకుపోయింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటితే మేలు కంటే కీడు ఎక్కువ, తలలో రక్తం కారి ప్రాణం పోవచ్చు. ఈయన ఆఖరుసారి పూర్తిగా బాగున్నది ఎన్ని గంటలకు?"

"పదకొండుకు కూర్చుండిపోయాడట," అన్నాను.

"అది బాగాలేని టైము. బాగున్న టైము చెప్పండి. ఎవరు చూశారు? ఎవరు మాట్లాడారు?"

ఎవరూ మాట్లాడలేదు. సాంచాల దగ్గర ఎవరు మాట్లాడతారు?

"పొద్దున ఇంట్లో?"

"బాగున్నాడు," అన్నాను.

అనేశాక పొద్దున జారిన గ్లాసు గుర్తొచ్చింది. డాక్టరు కాగితాలు తేవడానికి వెళ్లాడు. నేను ఆ వరండాలో కాలుకాలిన పిల్లిలా తిరిగాను. కూర్చోవడానికి లేదు, కుర్చీల మీద ఇంటూ గుర్తులు అంటించారు. గ్లాసు సంగతి చెబితే జబ్బు ఆరున్నరకే మొదలైనట్టు లెక్క, అంటే ఏడు గంటలు దాటిపోయాయి, ఇంజెక్షన్ లేదు. అది దాచి, పదింటిదాకా బాగానే ఉన్నాడంటే ఇంజెక్షన్ ఇస్తారు, ఆ అబద్ధం వల్ల తలలో రక్తం కారితే చంపింది నేనే. ఏ మాట చెప్పినా నా నోరే ఆయన మీద పడుతుంది. జీవితంలో అంత భయం నేను ఎరగను.

డాక్టరు తిరిగి రాగానే చెప్పేశాను. "పొద్దున ఆరున్నరకు చేతిలోంచి గ్లాసు జారింది సాబ్. చెయ్యి తిమ్మిరి అన్నాడు. నేను తిట్టాను."

ఆయన పెన్ను ఆగింది. ఎందుకు దాచావని కోప్పడలేదు. "తర్వాత?" అన్నాడు. గాజుముక్కలు ఏరడం, గుండీలు, సైకిల్, ఏడింటికి పని ఎక్కడం, అన్నీ చెప్పాను. "అది చిన్న హెచ్చరికలా వచ్చి పూర్తిగా తగ్గిపోయి ఉంటే, గడియారం మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. కొంచెం మిగిలి, మెల్లగా ముదిరి ఉంటే మాత్రం ఆరున్నరే లెక్క. ఏడు తర్వాత ఆ చెయ్యి బాగా పనిచేసిందని ఎవరు చెబుతారు? ఇంకో పెద్ద స్కానింగ్ ఉంది, కొంత తెలుస్తుంది. కానీ ఇప్పుడే అందులో కరోనా పేషెంటును తీశారు. గది శుభ్రం చేసి ఇచ్చేసరికి గంట పైనే పడుతుంది."

ఆ చెయ్యి పనిచేసిందని ఎవరు చెబుతారు?

బట్ట చెబుతుంది. ఆ ఆలోచన రాగానే మరిదికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. సాంచాలు మోగుతుంటే ఫోన్ ఏం వినపడుతుంది? నాలుగుసార్లు, ఐదుసార్లు. "ఎత్తు తమ్మీ, ఎత్తురా నీ అయ్య!" అని గోడకేసి అరుస్తుంటే సిస్టర్ తలుపు తీసి చూసింది. ఆరోసారికి జేబులో అదురు తెలిసి బయటికొచ్చి ఎత్తాడు.

"తమ్మీ, అన్న సాంచాలు మళ్ల నడిపిండ్రా?"

"లేదు వదినె, బందున్నయ్."

"బట్ట మొత్తం విప్పు. ఏడింటికి పెట్టిన సుద్ద గుర్తు కాడికెల్లి, ఎనిమిది సాంచల మీద. గీతలు చూడు. గీత యాడ ఆగిందో, యాడ ఆగలేదో కొలిచి చెప్పు."

"విప్పితే సేఠ్ ఒర్రుతడు వదినె."

"నీ సేఠ్ సంగతి నేను చూస్కుంట. విప్పు!"

పాళీ, అంటే షిఫ్టు, మారినప్పుడు ఎవరి బట్ట ఎక్కడ మొదలైందో తెలియడానికి సుద్దతో గుర్తు పెడతారు. అక్కడినుంచి కొలవాలి. మరిది ఇంకో ముగ్గురిని పిలిచాడు. ఫోన్ చెవికి పెట్టుకుని వాళ్లు బట్ట లాగుతున్న చప్పుడు వింటూ నేను గోడ గడియారం వైపు చూస్తున్నాను. ఒంటిగంటా నలభై ఐదు. డాక్టరు వెళ్లిపోలేదు, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"వదినె, ఏడు నుంచి పన్నెండు దాక ఒక్కో సాంచ పందొమ్మిదిన్నర మీటర్లు నేసింది. పొట్టి గీతలున్నయ్, జానెడు, మూరెడు. అన్ని ఆగినయ్. పదకొండు ముళ్లు లెక్కకొచ్చినయ్. ఆఖరి ముడి మూడో సాంచ మీద, పద్నాలుగు మీటర్లకు జర తక్కువుంది. పద్నాలుగున్నర కాడ ఇంకోటి తెగింది. గది ఇంగ ఆగలే వదినె. గట్లనే ఒచ్చింది చివరిదాక."

ఆగని ఆ గీత నా కళ్లకు కట్టింది. అది బీడీ గీత కాదు. వేళ్లు రాక, ఎవరికీ చెప్పలేక, ఆ పోగు వైపు చూస్తూ ఆయన నిలబడిన గీత అది. నాకు ఏడుపు వచ్చింది, ఏడుస్తూనే లెక్క కట్టాను. పద్నాలుగు మీటర్లంటే మూడున్నర గంటలు. ఏడుకు మూడున్నర కలిపితే పదిన్నర.

గీత సంగతి, ముడి సంగతి హిందీలో చెబితే డాక్టరు శ్రద్ధగా విన్నాడు గానీ వెంటనే ఒప్పుకోలేదు. "ఒంటిచేత్తో కూడా ముడి వేసి ఉండవచ్చు కదా?"

కొంగు అంచున పోగు ఒకటి లాగి, మధ్యకు తెంపి ఆయన చేతికిచ్చాను. "వెయ్యండి సాబ్. ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి."

ప్లాస్టిక్ తొడుగుల చేత్తో ప్రయత్నించాడు. రెండు కొసలూ కింద పడిపోయాయి. మాస్కు వెనక నవ్వాడేమో, కళ్లు చిన్నవయ్యాయి. "సరే. మరి వేరేవాళ్లు వేసి ఉంటే?"

"కండెలు మారుస్తారు సాబ్, ముళ్లు వెయ్యరు. మాలో అది పద్ధతి." ఫోన్ ఆయనకిచ్చాను. మరిది తన సూరత్ హిందీలో అదే మాట చెప్పాడు. ఎనిమిది సాంచాల మీద నేను ఒక్క ముడి వెయ్యలేదు అని ఒట్టు పెట్టుకున్నాడు.

డాక్టరు పక్కకు వెళ్లి పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి గుజరాతీలో మాట్లాడాడు. గాంఠ్, గాంఠ్ అన్న మాట నాలుగైదు సార్లు వినిపించింది. ముడి అని. తిరిగి వచ్చి, "పదిన్నర అని రాస్తున్నాను," అన్నాడు. నాలుగున్నర గంటల్లోపు ఉన్నా వందలో కొందరికి రక్తం కారే ప్రమాదం ఉంటుందని విడమరిచి చెప్పాడు. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నా పేరు తెలుగులో రాశాను. చివరి అక్షరం గీత దాటి కిందికి పోయింది. బీపీ ఎక్కువగా ఉందని ముందు అది దించారు. రెండు దాటి ఐదు నిమిషాలకు ఇంజెక్షన్ మొదలైంది. కొంచెం ఒకేసారి ఎక్కించి, మిగతాది గంటసేపు సన్నగా వదిలారు.

ఆ గంటా, ఆ తర్వాత సాయంత్రం దాకా, నేను ఒక్కచోట నిలబడలేదు. పావుగంటకోసారి సిస్టర్ లోపల ఆయన చెయ్యి ఎత్తించి చూస్తోంది. ఎత్తాడా అని అడుగుతాను, లేదు అంటుంది. మళ్లీ పావుగంట. ఐదింటికి తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి తన వేళ్లు ముడిచి తెరిచి చూపించింది. పొద్దున ఆయన ముఖం ముందు చేసుకున్నట్టే.

కథల్లోలాగా మర్నాడు లేచి నడిచాడని రాయను. కాలు పది రోజులకు నేలకు ఆనింది. మాట నెలకు తేటపడింది, అలిసిపోతే ఇప్పటికీ నాలుక మందగిస్తుంది. ఎడమచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ పూర్తిగా రాలేదు, కాబట్టి సాంచాలు పోయాయి. ఇప్పుడు పల్సానాలో ఒక మిల్లు గోదాములో కూర్చుని వచ్చే సరుకు చూసుకుంటున్నాడు. పొద్దునా సాయంత్రం బీపీ గోళీ, రక్తం పలచబడే గోళీ వేసుకుంటాడు. బీడీ మానేశాడు. మానేశానని చెబుతాడు.

ఇంటికి పంపే రోజు ఆ కుర్ర డాక్టరు ఒక మాట అన్నాడు. చెయ్యి తిమ్మిరి ఐదు నిమిషాల్లో తగ్గిపోయినా తగ్గిందని ఊరుకోకూడదట. అదే తలుపు తట్టడమట, అప్పుడే పరుగెత్తుకు రావాలట. ఇంటికొచ్చాక నేను ఆయనను అడిగాను, అంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా అని.

"అంతకుముందు వారం గూడ అయింది. కండె చేతిలకెల్లి పడ్డది. సేఠ్‌కు తెలిస్తే పద్నాలుగు దినాలు రావద్దంటడని చెప్పలే."

"నాకన్న చెప్పద్దా?"

"నువ్వు తిడ్తవు గద."

ఆ సాయంత్రమే మిగిలిన గాజు గ్లాసులు ఇచ్చేసి స్టీలువి తెచ్చాను.

వానాకాలంలో ఒక పొద్దున గిన్నెలు తోముతుంటే నా చేతిలోంచి గ్లాసు జారింది. అప్పటికి ఇంట్లో అన్నీ స్టీలు గ్లాసులే, పగల్లేదు గానీ ఖణేల్‌మని మోగింది. మంచం మీంచి ఆయన లేచిన చప్పుడు, కర్ర నేలకు తాకిన చప్పుడు.

"నవ్వు," అన్నాడు తలుపులో నిలబడి.

"ఏంది?"

"ముందుగాల నవ్వవే! చేతులు లేపు. రెండు లేపు!"

"సబ్బు చెయ్యి, జారింది."

"నీ సబ్బు సంగతి నాకెందుకు? లేపు!"

నేను నవ్వి, రెండు చేతులూ ఎత్తాను. నురుగు మోచేతుల మీదుగా కారుతోంది. ఆయన ఆ చేతులవైపు, తర్వాత గడియారం వైపు చూశాడు. "ఏడుంబావు," అని పైకే అనుకున్నాడు. "ఇప్పుడేదన్న మాట్లాడు."

నేను గ్లాసు పడితే తిట్టినదాన్ని, ఆయన గ్లాసు పడితే గడియారం చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాకు ఒక్క మాటా రాలేదు. నేను మాట్లాడకపోవడం చూసి ఆయన ముఖం తెల్లబడింది. కర్ర గోడకు ఆనించి, వంకర వేళ్లతో జేబులోంచి ఫోన్ తీసి మరిది నంబరు వెతకడం మొదలుపెట్టాడు, ఆటో తెమ్మనడానికి.

అప్పుడు తిట్టాను. చెప్పులు లేకుండా తడినేల మీదికొచ్చినందుకు, కర్ర వదిలినందుకు, పొద్దున గోళీ మరిచినందుకు, ఎప్పుడో విరిగిన ఆ గాజు గ్లాసుకు, వారం ముందు పడిన కండెకు, అన్నిటికీ కలిపి ఏడుస్తూ తిట్టాను. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. చివరిదాకా విని, ఎక్కడా ఒక్క అక్షరం తడబడలేదని చూసుకుని, అప్పుడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.